పుస్తకాలేవని అడిగిన రోజు

డెబ్బైల మొదట్లో మా ఆయనకు కంచన్‌బాగ్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. తెనాలి వైపు నుంచి హైదరాబాదు వచ్చి, శాలిబండలో రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాం. మరుసటి ఏడాదికి నాకు అదే పేటలో ఒక ప్రైమరీ బడిలో టీచరు పని దొరికింది. బడి ఎవరిదో పాత దేవిడీ, నవాబుల నాటి పెద్ద ఇల్లు. గోడలు రాతివి, రెండు మూరల మందం. లోపల ఎంత ఎండాకాలమైనా చల్లగా ఉండేది.

నాకు మూడో తరగతి ఇచ్చారు. పిల్లల తండ్రులు రిక్షా తొక్కేవాళ్లు, తాపీ పని వాళ్లు, బజారులో మూటలు మోసేవాళ్లు. తల్లులు చాలామంది ఇంట్లోనే కూర్చుని లక్క గాజులకు అద్దాలు అతికించేవాళ్లు. ఆ పిల్లల తెలుగు నాకు సగం అర్థమయ్యేది. "టీచర్, నేను వచ్చిన" అంటే, "వచ్చిన కాదు, వచ్చాను అనాలి" అని దిద్దేదాన్ని. వాళ్లు అలాగే అని, సాయంత్రం గేటు దాటగానే మళ్లీ వచ్చిన, పోయిన అనుకుంటూ వెళ్లేవాళ్లు. నాకు కోపం వచ్చేది. వాళ్లకు నేర్పవలసింది అదేనని గట్టిగా నమ్మిన రోజులవి.

బీద పిల్లలకు బడి తరఫున పుస్తకాలు ఇచ్చి, ఏడాది చివర తిరిగి తీసుకునే ఏర్పాటు ఒకటి ఉండేది. నేను చేరక ముందటి ఏడాది వానలకు వాటిలో సగం నానిపోయాయట. పెద్ద టీచరు ఆ బాధ్యత నా మీద పెట్టింది. ఈసారి ఒక్క పుస్తకం పాడవకూడదంది. కొత్త ఉద్యోగం, ఆవిడ మెప్పు కావాలి. జూన్‌లో బడి తెరిచిన వారంలోనే పిల్లలందరికీ తలా ఒక ప్లాస్టిక్ కాగితం, పురికొస తాడు తెచ్చి ఇచ్చాను. నేను చప్పట్లు కొట్టగానే పుస్తకాలు కాగితంలో చుట్టి, తాడు కట్టి, నెత్తిన పెట్టుకుని నిలబడాలి. రోజూ ఒకసారి చేయించేదాన్ని. ఒక మాట కూడా నేర్పాను. "ఇల్లు తడిస్తే తడవనీ, పుస్తకం తడవకూడదు." ముప్పై గొంతులూ ఒక్కసారి ఆ మాట అంటుంటే వరండాలోంచి పెద్ద టీచరు చూసి నవ్వుకునేది. తనిఖీకి వచ్చిన ఆఫీసరుకు కూడా చేయించి చూపించింది. వానలకు పిల్లల్ని ఇంత చక్కగా సిద్ధం చేసిన బడి తాను చూడలేదని ఆయన అన్నాడు. ఆ రాత్రి మా ఆయనకు ఆ మాట రెండుసార్లు చెప్పాను.

సిద్ధం చేసింది పిల్లల్ని కాదు, పుస్తకాలని. ఆ తేడా నాకు అప్పుడు తోచలేదు.

ఆ తరగతిలో తలుపు పక్కన కూర్చునే పిల్ల ఒకతె ఉండేది. ఎనిమిదేళ్లు. తండ్రి రిక్షా తొక్కేవాడు, తల్లి గాజుల పని చేసేది, చంకన ఏడాది తమ్ముడు. పిల్ల నెమ్మదస్తురాలు. నేను పేరు పిలిస్తే చాలు, ఏం తప్పు చేశానా అన్నట్టు లేచి నిలబడేది. జూలైలో ఒకరోజు ఆమె వాచకంలో ఒక పేజీకి లక్క అంటుకుని ఉంది. తల్లి పని చేసుకునే చోటే పిల్ల కూర్చుని చదువుతుంది, అంటుకోక ఏమవుతుంది? నేనది అడగలేదు. పీరియడ్ అంతా బెంచీ ఎక్కించి నిలబెట్టాను. దిగాక ఆ పేజీని గోటితో గీకుతూ కూర్చుంది. ఏడవలేదు.

భాద్రపదంలో మూడు రోజులు వాన విడవకుండా పట్టింది. రెండో రోజుకే నాలా పొంగి గల్లీల్లోకి వచ్చింది. ఆ చుట్టుపక్కల ఇళ్లన్నీ మట్టి గోడలవి, పైకి మాత్రం సున్నం పూత. బడికి సెలవిచ్చి, నీళ్లు వచ్చిన ఇళ్ల వాళ్లను బడిలో ఉంచమని పైనుంచి కబురొచ్చింది. మూడో రోజు పొద్దున నేను కూడా వెళ్లాను. అప్పటికే వరండా నిండా జనం. బెంచీల మీద ముసలివాళ్లు, కింద చాపల మీద పిల్లలు, మూలన కోళ్ల గంప. పక్క మసీదు వాళ్లు పెద్ద డేగిశాలో ఖిచిడీ వండి తెచ్చారు. అందరూ వరసలో నిలబడి తింటున్నారు.

ఆ తల్లి, చంకన చిన్నవాడు, చేతికి పిల్ల, పదకొండు గంటలప్పుడు వచ్చారు. ముగ్గురూ నిలువునా తడిసి ఉన్నారు. తండ్రి రిక్షా ఎత్తు మీద పెట్టడానికి పోయాడట. తల్లి ఖిచిడీ వరసలోకి వెళ్లింది. పిల్ల వరండా మెట్టు మీద నిలబడి పరికిణీ పిండుకుంటోంది. ప్రమాదం నుంచి బయటపడి, పొడి చోటుకు చేరి, నా కళ్లెదుట క్షేమంగా ఉంది. నేను చేయవలసింది ఒక తువ్వాలు తెచ్చివ్వడం. నా చేతిలో ఎవరెవరు వచ్చారో రాసుకునే కాగితం ఉంది. ఆ పిల్ల పేరు రాసుకుంటూ, తలెత్తకుండానే అడిగాను.

"పుస్తకాలేవమ్మా?"

అంత మాటే. కోప్పడలేదు. గొంతు కూడా పెంచలేదు. పిల్ల ఏదో చెప్పబోయింది. ఈలోగా ఎవరో పిలిస్తే నేను లోపలికి వెళ్లాను.

అరగంట అయి ఉంటుంది. గల్లీలోంచి ధబ్బుమని చప్పుడు, వెంటనే ఆడవాళ్ల కేకలు. తల్లి ఖిచిడీ గిన్నె పట్టుకుని వరండా అంతా తిరుగుతూ పిల్ల ఏదని అందరినీ అడుగుతోంది. నన్నూ అడిగింది. నాకు ఆ క్షణంలోనే తెలిసింది. అయినా తెలియదని తల ఊపాను.

వాళ్లింటి పక్క గోడ పడిపోయింది. బడి ఎదుట ఒక ముసలి మేస్త్రీ ఉండేవాడు. నిజాం కాలం నుంచీ గోడలు కట్టిన మనిషి, గల్లీలో అందరూ బాబా అనేవాళ్లు. ఆయనా, ఇంకో నలుగురూ మోకాలి లోతు నీళ్లలో నిలబడి చేతులతో మట్టి తీశారు. పార వేస్తే పిల్లకు తగులుతుందని ఆయన ఎవర్నీ పార ముట్టనివ్వలేదు. పిల్ల బతికే ఉంది. ఎడమ కాలు తొడ దగ్గర నుంచి నుజ్జయింది. రెండు చేతులతో ఒక మూటను పొట్టకు అదుముకుని ఉంది. ప్లాస్టిక్ కాగితం, పురికొస తాడు, నేను నేర్పిన ముడి. పుస్తకాలు తడవలేదు.

ఆ పిల్ల మూడు నెలలు ఉస్మానియా దవాఖానాలో ఉంది. కాలు తీసెయ్యలేదు గానీ ఎముక సరిగా అతకలేదు. ఆ కాలు పొట్టి అయింది.

అసలు సిగ్గుపడవలసిన సంగతులు ఇక్కడినుంచే మొదలవుతాయి. గోడ పడటం ఒక్క క్షణం. తర్వాత నేను చేసినవన్నీ తీరిగ్గా, తెలిసి చేసినవి.

చదువంటే ప్రాణం గనక పిల్ల పుస్తకాల కోసం వెనక్కి పోయిందని పేటంతా చెప్పుకున్నారు. పెద్ద టీచరు ఆ మాట దుప్పట్లు పంచడానికి వచ్చిన పెద్దమనుషులకు చెప్పింది. వాళ్లు కళ్లు తుడుచుకుని, దవాఖానాకు వెళ్లి పిల్లకు ఒక పెన్నూ, తోలు సంచీ ఇచ్చి వచ్చారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. కాదు, నేనడిగితే పోయింది అని ఒక్క మాట అనలేకపోయాను. మొదటి రోజు అనలేదు గనక రెండో రోజు అనడం కష్టమైంది. వారం గడిచాక ఇక అనడానికి వీలే లేదనిపించింది. చలికాలంలో టీచర్ల మీటింగులో వానలకు పిల్లల్ని సిద్ధం చేయడం గురించి నన్ను మాట్లాడమన్నారు. వెళ్లాను. ప్లాస్టిక్ కాగితం గురించి, చప్పట్ల గురించి చెప్పాను. ఆ పిల్ల గురించి కూడా చెప్పాను, పేటలో చెప్పుకున్నట్టే. చప్పట్లు కొట్టారు. నేను నవ్వుతూనే కూర్చున్నాను.

దవాఖానా నుంచి పిల్ల ఇంటికి వచ్చాక రోజూ సాయంత్రం వెళ్లి పాఠాలు చెప్పేదాన్ని. వెళ్తూ డబల్‌రొట్టె, అరటిపండ్లు తీసుకెళ్లేదాన్ని. మేస్త్రీ బాబా వాళ్లకు ఒక గది మళ్లీ లేపి ఇచ్చాడు. ఆ తల్లి నాకు పీట వేసి, చాయ్ పెట్టి, పక్కన కూర్చుని గాజులకు అద్దాలు అతికించుకునేది. పెద్దగా మాట్లాడేది కాదు. పిల్ల చెప్పింది చెప్పినట్టు చదివేది. మబ్బు పట్టిందంటే మాత్రం పలక పక్కన పెట్టి గోడ వంకే చూసేది. నేను ఎన్ని లెక్కలు చెప్పినా చెవికెక్కేవి కావు. మిగతా పిల్లలూ అంతే. బడిలో ఉరిమితే ఒకడు బెంచీ కిందకు దూరేవాడు, ఇంకో పిల్ల చెవులు మూసుకుని గుక్కపట్టేది. పాఠం వినడం లేదని మొదట్లో వాళ్లనూ కసిరాను. కొన్నాళ్లకు గానీ అది భయమని అర్థం కాలేదు.

ఒకరోజు మేస్త్రీ బాబాను ఉండబట్టలేక అడిగాను. గోడ పడుతుందని ముందే తెలుస్తుందా అని.

"గోడ ముందే చెప్తది బేటీ," అన్నాడాయన. "అడుగున ఉబ్బుతది. మట్టి రాలుతది. తలుపు గట్టిగైతది. మనమే వినం."

ఆయన్ను బడికి రమ్మన్నాను. పిల్లల్ని వెంటబెట్టుకుని గల్లీ గల్లీ తిరిగాడు. గోడలను వేళ్లతో తట్టి, గట్టి గోడ చప్పుడెట్లా ఉంటుందో, నానిన గోడ చప్పుడెట్లా ఉంటుందో వినిపించాడు. పిల్లలు పోటీపడి తట్టారు. నానిన గోడలకు సుద్దతో గుర్తు పెట్టారు. ఆ ఇళ్ల వాళ్లు కొందరు తిట్టారు, కొందరు నవ్వారు. కొందరు మాత్రం వానలు రాకముందే మట్టి తీసి రాళ్లు పెట్టించుకున్నారు. గోడ దేనితో ఉందో, ఎందుకు పడుతుందో తెలిశాక పిల్లల బెదురు కొంత తగ్గింది. అది నేను కనిపెట్టిన మార్గం కాదు, ముసలాయన దయ.

మార్చిలో ఆ పిల్ల కర్ర పట్టుకుని బడికి రావడం మొదలుపెట్టింది. ఆ జూన్‌లో అదే పిల్లలకు నాలుగో తరగతి కూడా నాకే ఇచ్చారు, నేను పాత పాఠం మార్చి చెప్పాను. వానకు బయటికి రావలసి వస్తే చేతుల్లో ఏమీ ఉండకూడదు. పుస్తకాలొద్దు, గిన్నెలొద్దు, బట్టలొద్దు. చిన్నపిల్లల చెయ్యి పట్టుకోవాలి. బయటికి వచ్చాక ఎవరు చెప్పినా సరే, వెనక్కి పోకూడదు.

అంతా విని ఆ పిల్ల చెయ్యెత్తింది. దవాఖానా నుంచి వచ్చాక తరగతిలో తనంతట తాను నోరు విప్పడం అదే మొదలు.

"మరి గా దినం మీరే గద టీచర్, పుస్తకాలేవి అని అడిగింది?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. లెక్కలో ఒక అంకె ఎక్కడినుంచి వచ్చిందని అడిగినట్టు. పిల్లలందరూ నా వైపు తిరిగారు. వరండాలో పెద్ద టీచరు అటూ ఇటూ తిరుగుతోంది.

"నేనెప్పుడడిగాను?" అన్నాను. "నేను అడగలేదే."

పిల్ల కాసేపు నన్నే చూసింది. తర్వాత తల దించుకుంది.

"మర్చిపోయి ఉంట టీచర్," అంది.

పాఠం ముందుకు నడిపించాను. ఏం చెప్పానో నాకు తెలియదు.

వారం రోజులు ఆ ఇంటికి వెళ్లలేదు. వెళ్లకపోతే అనుమానం వస్తుందని తోచి, ఎనిమిదో రోజు రొట్టె పట్టుకుని వెళ్లాను. పిల్ల తమ్ముణ్ని ఆడించడానికి బయటికి పోయింది. తల్లి పీట వేసింది. చాయ్ పెట్టలేదు. చేతిలో గాజు అలాగే పట్టుకుని, నా మొహం చూడకుండా మాట్లాడింది.

"పిల్ల నాకు దవఖానల్నే చెప్పింది టీచరమ్మా. మొదటి దినమే. టీచర్ అడిగింది, గందుకే పోయిన అని."

తెచ్చిన రొట్టె పీట పక్కన పెట్టాను.

"నువ్వు రోజొచ్చినవ్. రొట్టె తెచ్చినవ్. ఇయ్యాల చెప్తవ్, రేపు చెప్తవ్ అనుకున్న. చెప్పలే. సరే, భయపడ్డవేమో అనుకున్న." ఒక అద్దం ముక్క తీసి, గాజు మీద పెట్టి, వేలితో అదిమింది. "మొన్న పిల్ల ఇంటికొచ్చి అడిగింది. అమ్మా, నాకే తప్పు ఇనొచ్చిందా అని. అవును బిడ్డా, నీకే తప్పు ఇనొచ్చిందని చెప్పిన. టీచర్ అబద్ధమాడిందంటే ఇగ బడికి రాదు గద. నా బిడ్డను నేనే అబద్ధం చేసిన."

నేను ఏడ్చాను. క్షమించమన్నాను. ఆమె వినలేదో, వినదలచుకోలేదో తెలియదు. కాసేపటికి రొట్టె నా చేతికి తిరిగి ఇచ్చింది.

"ఇగ రాకు టీచరమ్మా. పిల్లనే బడికొస్తది. దానికి చెప్పేదుంటే ఆడనే చెప్పు, అందరున్నప్పుడు."

మర్నాడు చెప్పాను. పెద్ద టీచరు పక్క గదిలో ఉన్నప్పుడు, ఆవిడకు వినపడేలా తలుపు తెరిచి ఉంచి, తరగతి ముందు నిలబడి చెప్పాను. ఆరోజు పుస్తకాలేవని అడిగింది నేనే. ఆమెకు సరిగానే వినిపించింది. నేనడగబట్టే ఆమె వెనక్కి పోయింది. తర్వాత అడగలేదని అబద్ధం చెప్పాను. అన్నీ చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. దాదాపు ఏడాది దాచిన సంగతి.

పిల్ల లేచి నిలబడలేదు. డెస్కు మీద గీతల్ని వేలితో రుద్దుతూ, "నాకెర్కనే టీచర్," అంది. ఆ తర్వాత కిటికీ లోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

నేను అనుకోనిది అప్పుడు జరిగింది. వెనక బెంచీలో ఒక పిల్ల, తాను ఆ రోజు మేకపిల్ల తాడు విప్పకుండా వచ్చేశానని, అది చచ్చిపోతే నాయనకు దొంగలు పట్టుకుపోయారని చెప్పానని అంది. ఉరుముకు బెంచీ కింద దూరేవాడు, అవ్వ పిలుస్తున్నా వినపడనట్టు పరుగెత్తానని అన్నాడు. అవ్వ బతికే ఉంది, రోజూ వాడికి అన్నం పెడుతోంది, అయినా వాడు ఆమె మొహం చూడలేకపోతున్నాడు. ఒకరి తర్వాత ఒకరు, లోగొంతుకతో చెప్పారు. ఏడాదిగా వాళ్లందరూ ఒక్కొక్కటి మోస్తున్నారు, నాలాగే. నేను విన్నాను. మధ్యాహ్నం గంట కొట్టేదాకా వింటూనే ఉన్నాను. ఆ రోజు ఎవరి మాటా దిద్దలేదు.

పెద్ద టీచరు సాయంత్రం నన్ను పిలిచి, బడి పేరు బజారున వేశానని కోప్పడింది. మీటింగుల్లో మళ్లీ మాట్లాడమని ఎవరూ అడగలేదు. నాకు నేనుగా ఆ మీటింగుకు వెళ్లి అసలు సంగతి చెప్పి ఉండాల్సింది. అంత ధైర్యం చేయలేదు. ముప్పైమంది పిల్లల ముందు చెప్పగలిగింది పెద్దవాళ్ల ముందు చెప్పలేకపోయాను.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం పాఠం నడుస్తుండగా వాన దంచికొట్టింది. నేను సుద్దముక్క పట్టుకుని కిటికీ వైపు చూస్తున్నాను. ఆ పిల్ల కర్ర తీసుకుని లేచింది. ఒకటో తరగతి గదిలోకి వెళ్లి, ఒక చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని, కుంటుకుంటూ వాకిట్లోకి నడిచింది. నా వైపు చూడలేదు, అడగలేదు. ఆమె వెనక మొత్తం బడి ఖాళీ చేతులతో వానలోకి నడిచింది. రాతి గోడలు పడేవి కావు. ఆ సంగతి మేస్త్రీ బాబా కూడా చెప్పాడు. అయినా నేను ఆపలేదు. వెళ్లి వాళ్లతో నిలబడి తడిశాను.

ఆ పిల్ల ఐదు దాకా అక్కడే చదివింది. పెద్ద బడి దూరం, బస్సెక్కాలి, మేడమెట్లు ఎక్కాలి. ఆరులో చేరి నాలుగు నెలలకే మానేసిందని విన్నాను. వెళ్లి మాట్లాడదామనుకున్నాను. ఇంటికి రావద్దన్న మాట అడ్డం పెట్టుకుని వెళ్లలేదు. తర్వాత నాకు వేరే పేటకు బదిలీ అయింది.

పదేళ్లకు, ఎనభైల్లో, బస్సులో శాలిబండ మీదుగా పోతుంటే ఆమెను చూశాను. ఒక టైలరు దుకాణం ముందు మిషను కుడుతోంది, కుడి కాలొక్కటే తొక్కుతూ. బస్సు జనం కోసం ఆగి చాలాసేపు నిలబడింది. ఆమె తలెత్తి చూసింది. గుర్తుపట్టింది, లేచి నిలబడింది. నేను దిగవచ్చు. తరువాతి స్టాపులో దిగి నడిచి రావచ్చు కూడా. నేను చేతిసంచీ ఒళ్లో సర్దుకుంటూ కూర్చున్నాను. బస్సు కదిలింది.